ఉత్తుత్తి మేనమామ

ఆళ్లగడ్డలో మా ఇల్లు, మా బట్టల కొట్టు, నేను చదివిన ప్రైవేటు బడి మూడూ ఒకే వీధిలో ఉండేవి. బడిపిల్లలందరి యూనిఫాం గుడ్డ మా కొట్టు నుంచే పోయేది. అందుకని శెట్టి కొడుకు ఏం చేసినా అయ్యవార్లు చూసీ చూడనట్టు పోయేవాళ్లు. ఆ సంగతి నాకు మూడో తరగతికే అర్థమైపోయింది. చదువు ఎక్కకపోయినా ఇట్లాంటివి నాకు బాగా ఎక్కేవి.

ఇప్పుడు చెప్పబోయేది ఆరో తరగతిలో జరిగింది. "చిన్నపిల్లలు, తెలియక చేసుంటారు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మాకు తెలుసు. ఎవడికి ఏ మాట ఎక్కడ తగులుతుందో పదకొండేళ్ల పిల్లలకు తెలిసినంత బాగా పెద్దవాళ్లకు కూడా తెలియదు. నేను తెలిసే చేశాను. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు.

మా ఇంట్లో గిన్నెలు తోమడానికి ఒకామె వచ్చేది. మా నాయనను అన్నా అనేది, మా అమ్మను వదినా అనేది. వాళ్ల కులం వేరు, మా కులం వేరు. అయినా మా వైపు అందరమూ ఒకరినొకరు వరస పెట్టే పిలుచుకుంటాం. పాలుపోసే ఆయన నాకు మామ, కొట్టులో గుమాస్తా పెదనాయన. ఆ పిలుపు వల్ల ఎవరికీ ఏమీ రాదు, పోదు. ఆమె మొగుడు లారీ మీద క్లీనరుగా పోయి, ఎక్కడో ఆగిపోయి, మళ్లీ తిరిగి రాలేదు. ఉన్నాడో లేడో తెలియదు. మెడలో పుస్తెలు మాత్రం తీయలేదు.

ఆమెకు ముగ్గురు పిల్లలు పుట్టి, ఏడాది తిరక్కుండానే పోయారు. నాలుగోవాడు కడుపులో ఉన్నప్పుడు, వీడు నిలిస్తే వీడి పుట్టువెంట్రుకలు మద్దిలేటి స్వామికి ఇస్తానని మొక్కుకుంది. వాడు నిలిచాడు. కానీ పుట్టువెంట్రుకలు తీయాలంటే మేనమామ ఉండాలి. పిల్లవాణ్ని తొడమీద కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర ఆయనే వేయాలి. ఆ తర్వాతే మంగలి చేయి పడాలి. ఆమెకున్నది ఒకే ఒక అన్న. కొలిమిగుండ్లలో నాపరాళ్ల ఫ్యాక్టరీలో పని. తనకు చెప్పకుండా లారీ క్లీనరుతో పోయిందని, ఇంక నీ మొహం చూడను అని చెప్పి, అన్నంత పనీ చేశాడు.

ఏటా శివరాత్రికి ముందు ఆమె అన్నకు కబురు పెట్టేది. వచ్చి నీ మేనల్లుడి వెంట్రుకలు తీయమని. ఏటా జవాబు ఉండేది కాదు. వరసకు అన్న అయ్యేవాడు ఎవడైనా చాలని వీధిలో పెద్దవాళ్లు చెప్పారు. ఆమె వినలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, కొడుకు తల మీద ఆ జడ ఉన్నంత కాలం, అన్నకు కబురు పెట్టడానికి ఆమెకు ఒక దారి ఉంది. అది తీసేస్తే ఆ దారి కూడా ఉండదు. అట్లా పదకొండేళ్లు వచ్చేసరికి వాడికి నడుం దాకా జడ.

ఆ పిల్లవాణ్ని మా బడిలో చేర్పించింది మా నాయనే. హెడ్‌మాస్టరుతో మాట్లాడి ఫీజు తగ్గించాడు. మొక్కు సంగతి చెప్పి జడ ఉంచుకోవడానికి ఒప్పించాడు. నా పోయినేటి యూనిఫాం వాడికి ఇచ్చారు. జేబు మీద నేను పోసుకున్న ఇంకు మరక అట్లాగే ఉంది. క్లాసులో అందరికీ అది నా చొక్కా అని తెలుసు. ఇంట్లో నేను వాడితో క్యారంబోర్డు ఆడేవాణ్ని. ఎప్పుడూ వాడే గెలిచేవాడు. బడి గేటు దాటాక మాత్రం నేనెవరో, వాడెవరో.

వాడి తల్లి ఆ జడను గట్టిగా అల్లి, పైకి మడిచి, నల్ల రిబ్బనుతో కట్టి పంపేది. మొదటిరోజే వాడికి పాప అని పేరు పడింది. ప్రార్థనలో ఆడపిల్లల వరసలోకి నెట్టేవాళ్లు. బస్సులో కండక్టరు తాడు లాగినట్టు వెనక నుంచి జడ లాగి "హోల్డాన్" అనేవాళ్లు. రెండుసార్లు లాగితే "రైట్ రైట్". వాడు నడవాలి. నడవకపోతే ఇంకోసారి లాగడమే. మూత్రానికి పోతే తలుపు దగ్గర ఇద్దరు నిలబడి ఆడోళ్లది అటు పక్క అని వెనక్కి పంపేవాళ్లు. కొన్నాళ్లకు వాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక నీళ్లు తాగడం మానేశాడు. వాడు కూర్చునేది నా పక్కనే కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను కూడా పాప అంటారని భయం.

ఒకరోజు లెక్కల సారు వాడి నోటుపుస్తకం తీసుకుని, "ఏమ్మా, లెక్క చేసుకొచ్చినావా?" అన్నాడు. క్లాసంతా విరగబడి నవ్వింది. సారు కూడా మీసాల్లో నవ్వాడు. ఆయన ఏదో సరదాకు అన్నాడు, పావుగంటలో మరచిపోయుంటాడు. మాకు మాత్రం లైసెన్సు ఇచ్చినట్టయింది. ఆ రోజు నుంచి అడ్డూ అదుపూ లేదు. వాడు ఏడ్చి ఉంటే ఏ టీచరమ్మకైనా తెలిసేదేమో. వాడు ఏడ్చేవాడు కాదు. మాతోపాటు నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఎందుకో ఇంకా కోపం వచ్చేది.

నా కోపానికి ఇంకో కారణం ఉంది. వాళ్లమ్మ మా నాయనను అన్నా అంటుందని ఒకడు కనిపెట్టాడు. అన్న కొడుకుకు, చెల్లెలి కొడుకుకు వరస ఏమవుతుంది? బావా బామ్మర్దులు. దాంతో నన్ను చూడగానే "ఒరేయ్, మీ బామ్మర్ది వచ్చినాడ్రా" అనడం మొదలుపెట్టారు. అంతటితో ఆగినా బాగుండేది. జడ ఉంది కాబట్టి బామ్మర్ది కాదు, మేనత్త కూతురు అన్నాడు ఇంకొకడు. మా వైపు మేనత్త కూతురంటే చేసుకోవాల్సిన పిల్ల. ఇంక చూసుకోండి నా గతి. నల్లబోర్డు మీద మా ఇద్దరి పేర్లు రాసి మధ్యలో తాళిబొట్టు గీశారు. వాడు నా పక్కన కూర్చుంటే వెనక నుంచి డోలూ సన్నాయీ వాయించేవాళ్లు నోటితో. ఆ చొక్కా కూడా నాదే కదా, పెళ్లికి శెట్టి పెట్టిన బట్టలు అనేవాళ్లు.

వాళ్లను ఏమీ అనలేక నేను వాడి మీద పడ్డాను. ఆ జడ లేకపోతే ఈ పీడ వదులుతుంది అనిపించింది. అది ఊడిపోతే వాడు మామూలు పిల్లవాడు, నేను మామూలు పిల్లవాణ్ని. రాత్రీ పగలూ అదే ఆలోచన.

ఆ ఏడాది ఆమె అన్న వస్తానన్నాడు. పదేళ్లకు పైగా తలుపు మూసేసినవాడు, ఎవరి ద్వారానో కబురు పంపాడు. వచ్చే శనివారం పెళ్లాన్ని తీసుకుని వస్తాను, ఆదివారం మద్దిలేటికి పోయి వెంట్రుకలు తీద్దాం అని. ఆ కబురు ఆమె మా అమ్మకు ఆ ఒక్క సాయంత్రమే మూడుసార్లు చెప్పింది. బూడిద చేతులతో గిన్నె పట్టుకుని అట్లాగే ఆగిపోయి నవ్వేది. పుట్టినింటి గడప తొక్కి ఎన్నేళ్లయిందో, ఈసారి అన్న వెంట పోయి ఒక్కరోజు ఉండి వస్తానని, వదిన మంచిదేనంట అని ఏమేమో చెప్పింది. ఆమె అంత మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

మా నాయన వసారాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆయన తమాషాగా, "మీ అన్న రాకపోతే నేను లేనామ్మా? నేనే మేనమామను" అన్నాడు.

"నువ్వుండావులే అన్నా. కానీ ఆయనే రావాల" అంది ఆమె.

నేను అక్కడే కూర్చుని హోంవర్కు చేస్తున్నాను. మా నాయన మేనమామ అయితే, ఆయన బదులు నేను కత్తెర వేసినా చెల్లుతుంది కదా అని లెక్క వేసుకున్నాను. మొక్కు చెడదు, పాపం తగలదు, నా పీడ వదులుతుంది. ఇంత తెలివి లెక్కల పరీక్షలో ఎందుకు రాలేదో తెలియదు. ఆమె చెప్పిన జవాబులో రెండో సగం కూడా నా చెవిన పడింది. పడనట్టు ఉండిపోయాను.

గురువారం మా కొట్టు నుంచి గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర సంచీలో పెట్టుకుని బడికి పోయాను. ఆ ముందురోజే నలుగురికి చెప్పి పెట్టాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక బడి వెనక నీళ్ల ట్యాంకు దగ్గర చేరాం. ఒకమ్మాయి పసుపు, కుంకుమ పొట్లం కట్టుకుని తెచ్చింది. ఇంకొకడు వాళ్లన్న ఫోను తెచ్చాడు, వీడియో తీయడానికి. ఆమె కొడుకును పిలుచుకొచ్చి పుట్టువెంట్రుకల ఆట ఆడుకుందాం రారా అన్నాం.

అప్పటిదాకా వాణ్ని ఎవరూ ఏ ఆటకూ పిలవలేదు. వాడి మొహం ఎంత వెలిగిందో నేను చెప్పను, చెప్పి మీ దగ్గర మంచివాణ్ని అనిపించుకోను. ఆదివారం జరగబోయేది వాడికి బాగా తెలుసు కాబట్టి, ఎట్లా చేయాలో వాడే మాకు చెప్పాడు. మేనమామ తూర్పు మొహంగా కూర్చోవాలన్నాడు. ముందు తలకు పసుపు నీళ్లు చల్లాలన్నాడు. నేను బండ మీద కూర్చున్నాను. వాడే వచ్చి నా తొడమీద కూర్చున్నాడు. బరువే లేడు. అందరూ నోటితో డోలు వాయించారు. ఫోను పట్టుకున్నవాడు ఎవరప్పా మేనమామ అని అడిగితే, "నేనే మేనమామ" అని గట్టిగా అన్నాను. నేను కత్తెర పైకి తీశాను. అది పెద్దది, నల్లది, నిజమైనది.

వాడు మెడ తిప్పి చూసి, "ఉత్తుత్తికే గదా?" అన్నాడు.

"ఉత్తుత్తికే" అన్నాను.

వాడు తల ముందుకు వంచాడు. నేను జడ మొదట్లో కత్తెర పెట్టి నొక్కాను. గుడ్డ తెగినట్టు తెగలేదు. నాలుగైదుసార్లు నొక్కాల్సి వచ్చింది. రెండోసారికే వాడికి తెలిసిపోయింది. అయినా లేవలేదు. లేచి ఉంటే మెడకు తగిలేది, అందుకేనేమో. లేక నేను ఆపుతానని చూశాడేమో. తెగి నా చేతిలోకి వచ్చినప్పుడు డోలు వాయించేవాళ్లు ఆగిపోయారు. నవ్వింది ఒక్కడే, ఫోను పట్టుకున్నవాడు.

వాడు ఏడుస్తాడని చూశాం. ఏడవలేదు. జడ నా చేతిలోంచి తీసుకుని, దుమ్ము దులిపి, అన్నం డబ్బా ఖాళీ చేసి అందులో చుట్టి పెట్టుకున్నాడు. మూత సరిగ్గా పడలేదు. గమ్ముతో అతుకుతుందా అని ఆ పసుపు తెచ్చిన అమ్మాయిని అడిగాడు. ఆమె అతకదని చెప్పి తరగతిలోకి పరిగెత్తింది.

ఆ సాయంత్రం వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. తిడుతుందనుకుని నేను గదిలో దాక్కున్నాను. తిట్టలేదు. వసారాలో కూర్చుని కొంగు విప్పి, ఆ జడను మా అమ్మ ముందు పెట్టింది. మా అమ్మ నోరు కొట్టుకుంది. మా నాయన నన్ను బయటికి ఈడ్చి రెండు అంటించాడు. మూడోదానికి ఆమే అడ్డం వచ్చింది. పిల్లోణ్ని కొట్టొద్దు అంది. అప్పటికే వీడియో మా వీధిలో సగం ఫోన్లలోకి పోయిందని ఆమెకు ఇంకా తెలియదు, మాకూ తెలియదు.

ఆమె అడిగింది ఒక్కటే. "అన్నా, మా అన్నకు ఒక్క మాట చెప్పు. పిల్లోళ్లు ఆటలో చేసినారు, ఆయన జాగాలో ఎవురూ కూర్చోలేదు అని. నేను చెప్తే నమ్మడు. నువ్వు చెప్తే నమ్ముతాడు."

అన్న నంబరు రాసిన కాగితం కూడా తెచ్చింది. మా నాయన ఆ కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. చెప్తాలేమ్మా అన్నాడు. ఆ తర్వాత, ఆమెను ఓదార్చడానికే, ఇంకో మాట అన్నాడు. "నన్ను అన్నా అంటావు గదా. మావోని చేత పడింది, బయటోని చేత పడలేదు. మేనమామ ఇంటి చేతనే పడిందనుకో."

అది నా లెక్కే. నేను హోంవర్కు చేస్తూ వేసుకున్న లెక్కనే మా నాయన నలభై ఏళ్ల వయసులో, మంచి మనసుతో, పైకి చెప్పాడు. ఆమె జడను కొంగులో మళ్లీ మూట కట్టుకుని లేచిపోయింది.

శుక్రవారం మా నాయన ఫోను చేయలేదు. చేస్తే నా సంగతి చెప్పాలి, బడి సంగతి రావాలి, హెడ్‌మాస్టరుకు చెడ్డపేరు. ఎదురుపడ్డప్పుడు నిదానంగా చెబుదాంలే, ఫోనులో మాట పెడర్థం తీసుకుంటారు అన్నాడు మా అమ్మతో. ఆ మాట వింటే సబబుగానే ఉంటుంది. మా నాయన మాటలన్నీ అట్లాగే సబబుగా ఉంటాయి.

శనివారం పొద్దున బస్సుకు ఆమె అన్నావదినలు దిగారు. మేనల్లుడికి కొత్త పంచె, చొక్కా, చెల్లెలికి చీర, టెంకాయలు, అన్నీ తెచ్చారంట. ఇంట్లోకి రాగానే ఆ అన్న పిల్లవాడి తల చూశాడు. ఏమైందని అడిగేలోపే పక్కింటివాడు ఫోను తెచ్చి చూపించాడు. నీళ్ల ట్యాంకు, పసుపు, డోలు, తొడ, కత్తెర. "నేనే మేనమామ". ఆయన ఆ వీడియో రెండుసార్లు చూశాడంట. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, ఈ ఊర్లోనే నీకు అన్న ఉండాడంట గదా, ఇంక నన్నెందుకు పిలిచినావ్ అని అడిగాడంట. ఇదంతా తర్వాత మా అమ్మ చెబితే తెలిసింది.

నేను కళ్లారా చూసింది ఆ తర్వాతది. ఆ రోజు బడి ఒంటిపూట. నేను కొట్టులో ఉన్నాను. రుద్రవరం వైపు నుంచి పెళ్లివాళ్లు పదిహేనుమంది వచ్చి కూర్చున్నారు. పరుపుల నిండా పట్టుచీరలు పరిచి ఉన్నాయి. ఆమె రొప్పుకుంటూ వచ్చి చెప్పులు విడిచే చోట నిలబడింది. మా అన్న పోతానంటాండాడు, బేగ రా అన్నా, ఒక్క మాట చెప్పు అంది. మా నాయన చీర మడత విప్పుతూనే, "కూర్చోమనమ్మా, పది నిమిషాల్లో వస్తాండా" అన్నాడు.

ఆమె పోలేదు. అక్కడే నిలబడింది. పెళ్లివాళ్ల ఆడవాళ్లు ఒక చీర పక్కన పెట్టి ఇంకొకటి అడిగారు. నేను బీరువాలోంచి తీసి అందించాను. ఆమె అప్పుడు నా వైపు చూసింది.

"నువ్వన్నా రా నాయనా. ఆటలో నేనే చేసినా మామా అని చెప్పు. అంతే చాలు."

నేను మా నాయన మొహం చూశాను. ఆయన తల ఎత్తకుండానే వాడు చిన్నోడు, వాడేం చెప్తాడు, నేను వస్తానంటిగదా అన్నాడు. నా చేతిలో చీర ఉంది. దాన్ని మళ్లీ మడత పెట్టడం మొదలుపెట్టాను. ఆమె ఇంకొంచెంసేపు చూసి, వెనక్కి తిరిగి పరిగెత్తింది.

వాళ్ల ఇల్లు మా కొట్టుకు మూడు వీధుల అవతల. పరిగెత్తితే నాలుగు నిమిషాలు. నన్ను ఎవరూ కట్టేయలేదు. మా నాయన పోవద్దని కూడా అనలేదు, ఏం చెప్తాడు అన్నాడు, అంతే. నేను పోయి ఆ నాలుగు మాటలు చెప్పి ఉంటే ఆమె అన్న నమ్మేవాడా లేదా అనేది వేరే సంగతి. నేను పోలేదు. జడ కోసిన రోజు కంటే ఆ రోజు తలచుకుంటేనే నాకు నామీద ఎక్కువ అసహ్యం వేస్తుంది.

పెళ్లివాళ్లు పోయాక, గంట తర్వాత మా నాయన బయల్దేరాడు. అప్పటికే వాళ్లు బస్సెక్కేశారు. కొత్త పంచె, చొక్కా కూడా వెనక్కి తీసుకుపోయారంట. మా నాయన తిరిగొచ్చి, పౌరుషం ఎక్కువప్పా వాళ్లకు, నాలుగు రోజులైతే చల్లబడతాడు అన్నాడు. ఆ తర్వాత ఆయన ఫోను కూడా చేశాడు. మూడుసార్లు చేశాడు. అవతల ఎత్తలేదు.

ఆదివారం ఆమె కొడుకును తీసుకుని ఒక్కతే మద్దిలేటికి పోయి గుండు చేయించింది. కోసిన జడను కూడా అక్కడే ఇచ్చిందంట. సోమవారం వాడు తల నిండా గంధం పూసుకుని బడికి వచ్చాడు. ఎవరూ పాప అనలేదు. అనడానికి ఏమీ మిగల్లేదు. నేననుకున్నట్టే నా పీడ వదిలింది. వాడు నా పక్కకు రాలేదు, వెనక బెంచీలో ఒక్కడే కూర్చున్నాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, నవ్వేవాడు కూడా కాదు. నెల తిరక్కముందే బడి మానేశాడు. ఆమె మా ఇంటికి రావడం మానేసి, కొడుకును తీసుకుని నంద్యాలకు పోయిందని, అక్కడ రైస్‌మిల్లులో పని దొరికిందని తెలిసింది. మా ఇంటికి గిన్నెలు తోమడానికి ఇంకొకామె వచ్చింది. ఆమె కూడా మా నాయనను అన్నా అనే పిలిచింది.

తర్వాత మేము నంద్యాలలో రెండో కొట్టు పెట్టాం. దాన్ని నేనే చూసుకుంటున్నాను. ఆమె ఈ ఊళ్లోనే ఎక్కడో ఉందని నాకు తెలుసు. ఎన్నడూ వెతకలేదు. పనుల్లో పడి అని చెప్పవచ్చు. అబద్ధం. ఆమె ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుని చూడాలో తెలియక.

పోయిన శ్రావణంలో ఒక పొద్దున, అప్పుడే షట్టరు ఎత్తి ఊదుబత్తి వెలిగించాను. ఇంకా బోణీ కాలేదు. నా ఈడు మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. భుజాలు గట్టిగా ఉన్నాయి, మూటలు మోసేవాళ్ల భుజాలు. కనుబొమల మీద తవుడు. ఎర్ర చీర కావాలి, ఒక మాదిరిది చాలు అన్నాడు. ఎవరికప్పా అని అడిగాను, రంగు చూసి చూపించడానికి.

"మా అమ్మకు. తెల్లారక ముందే పోయింది" అన్నాడు.

నేను అయ్యో అని చీరలు తీస్తుంటే, వాడు నింపాదిగా, నువ్వు ఆళ్లగడ్డ శెట్టి కొడుకువి గదా అన్నాడు. అప్పుడు చూశాను మొహం సరిగ్గా.  ఈ కొట్టు మాదని వాడికి ఎప్పటి నుంచో తెలుసంట. ఇంత పొద్దున్నే తెరిచిన కొట్టు ఇది ఒక్కటే ఉంది, అందుకే వచ్చాడంట. పెద్దాసుపత్రిలో నాలుగు రోజులుంది, ఊపిరితిత్తులు పోయాయి, మిల్లు దుమ్ము అన్నాడు. వేరేవాళ్ల అమ్మ గురించి చెప్పినట్టు చెప్పాడు.

మా వైపు ముత్తయిదువ పోతే ఆఖరి చీర పుట్టింటి నుంచి రావాలి. అన్నో తమ్ముడో తెచ్చి కప్పాలి. ఆ చీర రాకుండా పాడె ఎత్తరు, పొద్దెక్కినా కాచుకుని కూర్చుంటారు. మీ మామకు చెప్పారా అని అడిగాను. అడిగే హక్కు నాకు లేదు, అయినా అడిగాను. ఫోను చేశాం, ఎత్తలేదు, ఆసుపత్రిలో ఉన్నప్పుడే మనిషిని కూడా పంపించాం, వాకిట్లోంచే పంపేశాడు అన్నాడు. ఆయన వస్తాడని నాలుగు రోజులూ ఆమె వార్డు తలుపు వైపే చూసిందంట.

 "అప్పుడు నేను... ఆ రోజు..." అని ఏదో మొదలుపెట్టాను. ఇప్పుడొద్దులే శెట్టీ, బయట ఆటో కాచుకోనుంది అన్నాడు. నేను పై అరలోంచి ఎర్ర ధర్మవరం పట్టుచీర తీశాను. కొట్టులో అంతకంటే మంచిది లేదు. కవరులో పెట్టి వాడి చేతిలో పెట్టాను. బోణీ అని కూడా చూడలేదు. డబ్బులొద్దు, తీసుకుపో, మా ఇంటి నుంచి అనుకో అన్నాను.

వాడు కవరు విప్పి, పట్టుచీర తీసి, గల్లాపెట్టె మీద పెట్టాడు. పక్కనున్న వాటిలోంచి మామూలు ఎర్ర చీర ఒకటి తీసుకున్నాడు. ధర చీటీ చూసి జేబులోంచి నోట్లు తీశాడు.

"ఊరికే ఇస్తే అది పుట్టింటి చీర అయితాది. ఆ జాగా మా మామది. ఆయన వచ్చినా రాకపోయినా ఆయనదే. మళ్లా నువ్వు కూర్చోవద్దు."

గొంతులో కోపం లేదు. తొందర ఉంది. నోట్లు నా ముందు పెట్టి నిలబడ్డాడు. నేను డబ్బులు తీసుకుని చిల్లర ఇచ్చాను. వాడు అది ఎంచుకుని జేబులో వేసుకుని, చీర చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాడు.